చేపల పెట్టెలో పచ్చ పట్టీ

చేపల బజారులో అనుభవమున్నవాళ్లు చేపను కొనే తీరు ఎప్పుడైనా గమనించారా? ముందు మొప్ప ఎత్తి చూస్తారు. లోపల ఎర్రగా ఉంటే తాజా చేప, గోధుమ రంగుకు తిరిగితే నిలవ చేప. తరువాత కన్ను చూస్తారు. అది ఉబ్బెత్తుగా, మెరుస్తూ ఉండాలి. ఆపైన వేలితో కండ నొక్కుతారు. పడిన గుంట వెంటనే పూడిపోవాలి. చివరకు వాసన చూస్తారు. “పొద్దున పట్టిందేనమ్మా, చూసుకో!” అని అమ్మే ఆమె ఎంత చెప్పినా, ఈ నాలుగు పరీక్షలూ అయ్యాకే బేరం.

ఇవి మంచి పరీక్షలే. శాస్త్రజ్ఞులు కూడా కాదనరు. అయితే తల తీసి, ముక్కలు కోసి, ప్లాస్టిక్ సంచిలో మూసి పెట్టిన చేపకు మొప్ప ఎక్కడిది? కన్ను ఎక్కడిది? కొల్లేరు చుట్టుపక్కల చెరువుల్లో పెంచిన శీలావతి, బొచ్చె చేపలు ఐసు పెట్టెల్లో లారీలెక్కి బెంగాలు, అస్సాం దాకా ప్రయాణం చేస్తాయి. దారిలో ఏ పెట్టెలో ఐసు కరిగిపోయిందో, ఏ పెట్టెలో చేప పాడయిందో మూత తెరవకుండా తెలిసేదెలా?

పెట్టె లోపలే ఒక చిన్న పట్టీ ఉందనుకోండి. చేప బాగున్నంతసేపూ అది ఆకుపచ్చగా ఉంటుంది. చేప పాడవుతున్నకొద్దీ నీలంగా మారుతుంది. జేబులోని ఫోనుతో దాన్ని ఫోటో తీస్తే “ఇంత పాడయింది” అని అంకెల్లో తెలుస్తుంది. ఇది ఊహ కాదు. ఇటువంటి పట్టీలను శాస్త్రజ్ఞులు తయారు చేసి చూశారు. అవి ఎలా పనిచేస్తాయో, వాటిని ఎంతవరకు నమ్మవచ్చో తెలుసుకుందాం.

చేప వాసన ఎక్కడిది?

చేప చచ్చిపోగానే దాని శరీరం మీద, పేగుల్లో ఉన్న బాక్టీరియాకు అడ్డు లేకుండా పోతుంది. అవి కండలోని మాంసకృత్తులనూ ఇతర పదార్థాలనూ విడగొట్టుకుని తింటూ పెరుగుతాయి. మాంసకృత్తుల్లో నత్రజని ఉంటుందని మీరు చదువుకున్నారు గదా! ఆ నత్రజనిలో కొంత అమ్మోనియాగా, అమైన్లు అనే దాని చుట్టాలుగా బయటికి వస్తుంది. సముద్రపు చేపల్లో ట్రైమిథైల్ అమైన్ అనేది ఎక్కువగా పుడుతుంది. మనం “నీచు వాసన” అనేదానిలో దీని పాలు పెద్దది.

ఈ పదార్థాలన్నింటికీ రెండు లక్షణాలు ఉన్నాయి. ఒకటి, ఇవి సులువుగా ఆవిరై గాలిలో కలుస్తాయి. రెండు, ఇవన్నీ క్షారాలు. అందుచేత వీటన్నింటినీ కలిపి “ఆవిరయ్యే క్షార నత్రజని” అని లెక్క కడతారు. యూరప్ దేశాల నిబంధనల్లో కొన్ని జాతుల చేపలకు, 100 గ్రాముల కండలో ఇది 25 నుంచి 35 మిల్లీగ్రాములకు మించకూడదని హద్దు పెట్టారు. ఏ హద్దు ఏ చేపకో జాతిని బట్టి ఉంటుంది. ప్రయోగశాలలో ఈ లెక్క కట్టాలంటే చేప కండను నూరి, స్వేదనం చేసి, ఆమ్లంతో అంశమాపనం చేయాలి. గాజు సామాను కావాలి, మనిషి కావాలి, వేళ కావాలి. లారీ అంతసేపు ఆగదు!

క్షారాన్ని పట్టేది రంగు

క్షారాన్ని గుర్తించడానికి మరో తేలిక మార్గం మన వంటింట్లోనే ఉంది. పసుపులో కాస్త సున్నం కలిపితే ఏమవుతుంది? ఎర్రటి పారాణి అవుతుంది. తెల్ల చొక్కా మీద పడిన పసుపు మరక సబ్బు తగలగానే ఎర్రబడుతుంది. సున్నం, సబ్బు రెండూ క్షారాలే. పసుపులోని కుర్క్యుమిన్ అనే పదార్థం క్షారం తగిలితే రంగు మారుస్తుంది. ఇటువంటి పదార్థాలను సూచికలు అంటారు. మీ ప్రయోగశాలలోని లిట్మస్ కాగితం కూడా సూచికే. ఇంగ్లండులో రాబర్ట్ బాయిల్ 1664లోనే వయొలెట్ పూల రసం ఆమ్లంలో ఎర్రగా, క్షారంలో పచ్చగా మారడం గురించి రాశాడు.

అయితే పసుపు కాగితాన్నే చేపల పెట్టెలో పెట్టకూడదా? పెట్టవచ్చు. కాని పెట్టె నిండా చెమ్మ ఉంటుంది. ఐసు కరిగిన నీరు కారుతుంటుంది. మామూలు రంగులు చెమ్మకు కరిగి, కాగితంలో పాకి, చేపకు అంటుకుంటాయి. రంగు తన చోట తాను కదలకుండా ఉండాలి, గాలిలోని అమ్మోనియా మాత్రం దాన్ని చేరాలి. ఈ రెండు పనులూ కుదిర్చేవి పాలిమర్లు.

నీలిమందు మనుమడు

పూలు గుచ్చితే దండ అయినట్లు, చిన్న అణువులు ఒకదానికొకటి తగులుకుని వందలు, వేలుగా బారు కడితే పాలిమర్ అవుతుంది. మన బట్టల్లోని నూలు పాలిమరే, పాలిథీన్ సంచి పాలిమరే. అనిలిన్ అనే చిన్న అణువులను దండగా గుచ్చితే పాలిఅనిలిన్ వస్తుంది. మన పట్టీ మీద పలచని పొరగా పూసేది దీన్నే.

అనిలిన్ పేరు వెనుక ఒక ముచ్చట ఉంది. 1826లో ఒట్టో ఉన్ఫర్డోర్బెన్ అనే జర్మన్ రసాయనికుడు నీలిమందును బాగా వేడి చేసి ఈ ద్రవాన్ని మొదట పట్టుకున్నాడు. తరువాత 1841 ప్రాంతంలో ఫ్రిట్షె అనే మరో రసాయనికుడు నీలిమందు నుంచే దీన్ని తీసి, “అనిలిన్” అని పేరు పెట్టాడు. పోర్చుగీసు భాషలో నీలిమందును “అనిల్” అంటారు. ఆ మాట అరబ్బీ నుంచి వచ్చింది. అరబ్బుల మాటకు మూలం మన “నీల” శబ్దమే! మన నేల మీద పండిన నీలిమందుతో పాటు దాని పేరు కూడా సముద్రాలు దాటి రసాయన శాస్త్రంలో చేరింది.

1862లో లండనులో హెన్రీ లెథబీ అనిలిన్‌ను గంధకికామ్లంలో కలిపి విద్యుత్తు పంపాడు. ప్లాటినం పలక మీద నీలి ఆకుపచ్చ పొర ఒకటి పేరుకుంది. అది పాలిఅనిలినే. కాని అది పొడవాటి దండల పదార్థమని అప్పటికి ఎవరికీ తెలియదు. పాలిమర్లన్న భావన 1920ల్లో గాని రాలేదు. ఆ పైన 1980ల్లో అమెరికాలో అలన్ మక్‌డయర్మిడ్ బృందం ఈ పాత పదార్థాన్ని మళ్లీ చేతికి తీసుకుంది. ఆమ్లం తగిలిన పాలిఅనిలిన్ ప్లాస్టిక్‌లా ఉంటూనే విద్యుత్తును ప్రవహింపజేస్తుందని వారు వివరంగా చూపించారు. విద్యుత్తు ప్రవహించే పాలిమర్లను కనిపెట్టి అభివృద్ధి చేసినందుకు మక్‌డయర్మిడ్, హీగర్, షిరకావా అనే ముగ్గురికి 2000లో రసాయన శాస్త్రపు నోబెల్ బహుమతి వచ్చింది.

పచ్చ నీలమెలా అవుతుంది?

పాలిఅనిలిన్ దండలో బెంజీను వలయాలు వరుసగా ఉంటాయి. ప్రతి రెండు వలయాల నడుమా ఒక నత్రజని పరమాణువు ముడిలాగా ఉంటుంది. కథంతా ఆ ముడి దగ్గరే.

చుట్టూ ఆమ్లం ఉంటే, ఆమ్లంలోని ఉదజని అయాన్లు, అంటే హైడ్రోజన్ అయాన్లు, కొన్ని నత్రజని ముడుల మీద వచ్చి కూర్చుంటాయి. అప్పుడు దండలోని ఎలక్ట్రాన్లు ఒకచోట కట్టుబడి ఉండక, దండ పొడవునా తిరగగలుగుతాయి. ఈ స్థితిలో పాలిఅనిలిన్ తెల్లని కాంతిలోని ఊదా భాగాన్నీ, ఎరుపు చివరి భాగాన్నీ మింగేస్తుంది. మిగిలినది మన కంటికి ఆకుపచ్చగా కనిపిస్తుంది. ఈ రంగును చూసే ఈ రూపానికి మరకతం పేరు పెట్టి “ఎమరాల్డీన్” అన్నారు.

ఇప్పుడు అమ్మోనియా వచ్చిందనుకోండి. అమ్మోనియాకు ఉదజని అయానంటే మహా ఆశ. నత్రజని ముడి మీద కూర్చున్న అయాన్‌ను లాక్కుని తాను అమ్మోనియం అయాన్ అవుతుంది. అయాను పోగానే దండలోని ఎలక్ట్రాన్ల అమరిక మారుతుంది. ఇప్పుడది సుమారు 600 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం గల నారింజ రంగు కాంతిని గట్టిగా మింగుతుంది. తెల్లని కాంతి నుంచి నారింజను తీసేస్తే మిగిలేది నీలం. పట్టీ నీలంగా మారిపోయింది!

దండ తెగలేదు. పూలు రాలలేదు. ముడి మీది అయాను మాత్రమే పోయింది. అందువల్ల పట్టీని తిరిగి ఆమ్లంలో ముంచితే మళ్లీ పచ్చబడుతుంది. పైగా పాలిఅనిలిన్ నీటిలో కరగదు. పొర పలచగా ఉంటే అమ్మోనియా త్వరగా లోపలికి చొరబడుతుంది. మనం కోరిన రెండు గుణాలూ దీనిలో ఉన్నాయన్నమాట.

ఇండోనేసియాలో జెంబర్ విశ్వవిద్యాలయానికి చెందిన బంబాంగ్ కుస్వాండి బృందం 2012లో ఈ పనినే చేసి చూపింది. వారు పాలిఅనిలిన్ పట్టీని మిల్క్ ఫిష్ అనే చేప ఉన్న పొట్లంలో పెట్టారు. చేప పాడవుతున్నకొద్దీ, పెట్టె గాలిలో క్షార వాయువులు పెరుగుతున్నకొద్దీ పట్టీ పచ్చ నుంచి నీలానికి మారింది. ప్రయోగశాలలో కట్టిన లెక్కలతో ఆ మార్పు సరిపోయింది.

కన్ను చాలదా?

పూర్తి పచ్చనూ పూర్తి నీలాన్నీ ఎవరైనా గుర్తుపడతారు. చిక్కంతా నడుమనే. పచ్చ కాక, నీలం కాక, నెమలి మెడ రంగులో ఉన్న పట్టీని నలుగురికి చూపిస్తే నాలుగు మాటలు చెబుతారు. సాయంకాలపు వెలుగులో ఒక తీరుగా, ట్యూబులైటు కింద ఒక తీరుగా కనిపిస్తుంది. కొందరికి పుట్టుకతోనే కొన్ని రంగుల తేడా తెలియదు. అమ్మేవాడు “ఇంకా పచ్చగానే ఉంది” అంటాడు, కొనేవాడు “నీలమైపోయింది” అంటాడు. తగవు తీర్చేదెవరు? రంగును అంకెగా మార్చగలిగితే తగవు ఉండదు. ఆ పనికి ఫోను పనికివస్తుంది.

ఫోను కెమెరాలో రెటీనాకు బదులు లక్షల కొలదీ చిన్న చిన్న కాంతి గ్రాహకాలుంటాయి. అవి వెలుగు ఎంత పడిందో కొలవగలవు గాని, ఏ రంగో చెప్పలేవు. అందుకని వాటి మీద ఎరుపు, ఆకుపచ్చ, నీలం రంగుల గళ్లు చదరంగపు బల్లలా అమర్చుతారు. ఈ అమరికకు కోడక్ సంస్థలో పనిచేసిన బ్రైస్ బేయర్ 1976లో పేటెంటు పొందాడు. ఫోటోలోని ప్రతి చుక్కకూ ఎరుపు ఎంత, ఆకుపచ్చ ఎంత, నీలం ఎంత అని మూడు అంకెలు ఉంటాయి. ప్రతి అంకె 0 నుంచి 255 వరకు ఉంటుంది. మూడూ 0 అయితే నలుపు, మూడూ 255 అయితే తెలుపు.

ఊహ కోసం కొన్ని అంకెలు తీసుకుందాం. తాజా చేప పెట్టెలో పట్టీకి ఆకుపచ్చ 130, నీలం 80 వచ్చాయనుకోండి. చేప పాడయ్యాక ఆకుపచ్చ 80, నీలం 130 అయ్యాయనుకోండి. నీలాన్ని ఆకుపచ్చతో భాగిస్తే మొదట 0.62 వస్తుంది, తరువాత 1.63 వస్తుంది. ఇలా భాగించడంలో ఒక తెలివి ఉంది. వెలుగు సగానికి తగ్గి 130 కాస్తా 65, 80 కాస్తా 40 అయినా, 40ని 65తో భాగిస్తే మళ్లీ 0.62 వస్తుంది. వెలుగు ఎక్కువ తక్కువలు లెక్కను చెడగొట్టవన్నమాట.

కాని 0.62 అంటే ఎంత అమ్మోనియా? అది ఫోనుకు తెలియదు. మనమే నేర్పాలి. ఒకే రకం చేపలను వేరువేరు గంటలపాటు నిలవ ఉంచి, ప్రతిసారీ పట్టీ ఫోటో తీయాలి. అదే చేపను ప్రయోగశాలలో పాత పద్ధతిలో కూడా పరీక్షించాలి. అడ్డగీత మీద క్షార నత్రజని, నిలువు గీత మీద ఫోటో అంకె వేసి గ్రాఫు గీయాలి. దీన్ని క్రమాంకన రేఖ అంటారు. ఆ తరువాత కొత్త పెట్టెలోని పట్టీకి వచ్చిన అంకెను ఆ గీత మీద పెట్టి చూస్తే జవాబు దొరుకుతుంది. తూకపు రాయి లేని త్రాసు ఎంత పనికివస్తుందో, ఈ గీత లేని ఫోను కూడా అంతే పనికివస్తుంది!

ఫోను చేసే మోసం

ఫోను కెమెరా ఫోటోలు అందంగా రావాలని తయారైనది గాని, కొలతల కోసం కాదు. పసుపు పచ్చని బల్బు కింద తీసినా తెల్ల చొక్కా తెల్లగానే కనబడేట్లు అది రంగులను తనంతట తానే సరిచేసేస్తుంది. ఫోటోకు అది మేలు, పరీక్షకు కీడు. ఒక కంపెనీ ఫోనుకూ మరొక కంపెనీ ఫోనుకూ కూడా తేడాలుంటాయి. పైన చెప్పిన భాగహారం వెలుగు తగ్గుదలను సరిచేస్తుంది గాని, వెలుగు రంగే మారితే సరిచేయలేదు.

దీనికి విరుగుడు సులువైనదే. పట్టీ పక్కనే ఒక తెల్ల గడి, ఒక బూడిద రంగు గడి, తెలిసిన పచ్చ, నీలం గడులు అచ్చువేస్తారు. అన్నీ ఒకే ఫోటోలో పడతాయి. తెల్ల గడి ఫోటోలో పచ్చబారితే ఎంత పచ్చబారిందో చూసి, పట్టీ అంకెలోంచి అంత తీసివేయడానికి లెక్క కడతారు. కొందరు పట్టీని చిన్న నల్ల డబ్బాలో పెట్టి, ఎప్పుడూ ఒకే దీపంతో ఫోటో తీస్తారు.

పట్టీకి తెలియనిది

ఇప్పుడు అసలు ప్రశ్నకు వద్దాం. పట్టీ పచ్చగా ఉంది. ఫోను అంకె బాగుంది. అయితే చేప మంచిదేనా?

తొందరపడకండి. మీ పాఠశాలలోని జీవశాస్త్ర ప్రయోగశాలలో గాజు సీసాల్లో పాము, కప్ప, తేలు చెడకుండా ఉండడం చూశారు గదా! అవి ఉన్న ద్రవం ఫార్మలిన్, అంటే నీటిలో కరిగిన ఫార్మాల్డిహైడ్. దీన్ని ఆహారంలో కలపకూడదు. ఫార్మాల్డిహైడ్ మనుషులకు క్యాన్సర్ కలిగించే పదార్థమని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2004లో నిర్ధారించింది. అయినా చేపలు నిలవ ఉండాలని కొందరు దొంగతనంగా కలుపుతారు. 2018లో కేరళలో ఆహార భద్రతాధికారులు “ఆపరేషన్ సాగర్ రాణి” పేరుతో తనిఖీలు చేసి, ఫార్మలిన్ కలిసిన చేపలను పట్టుకున్నారు. అదే సంవత్సరం జూలైలో, పరీక్షల్లో ఫార్మలిన్ కనబడిందని చెప్పి, అస్సాం ప్రభుత్వం ఆంధ్రప్రదేశ్ చేపలను పది రోజులపాటు నిషేధించింది. తప్పు చేయని రైతుకు కూడా ఆ పది రోజులూ సరుకు ఆగినట్లే. తన సరుకు మంచిదని చెరువు గట్టు మీదనే రుజువు చూపగల పరీక్ష ఉంటే, తినేవాడికీ మేలే, పండించేవాడికీ మేలే.

మన పచ్చ పట్టీ ఫార్మలిన్‌ను పట్టగలదా? పట్టలేదు. ఇంకా చిత్రమేమిటంటే, ఫార్మలిన్ కలిసిన చేప పెట్టెలో పట్టీ మరింత పచ్చగా ఉండిపోవచ్చు! ఫార్మలిన్ బాక్టీరియాను చంపుతుంది గనుక అమ్మోనియా పుట్టదు. పుట్టిన కాస్త అమ్మోనియాతో కూడా ఫార్మాల్డిహైడ్ సంయోగం చెంది వేరే పదార్థంగా మారుస్తుంది. విషం కలిపిన చేపకు పట్టీ “తాజా చేప” అని యోగ్యతాపత్రం ఇచ్చినట్లవుతుంది.

పట్టీ అబద్ధం చెప్పిందా? లేదు. “గాలిలో క్షారం ఉందా?” అని మనం అడిగాం, “లేదు” అని అది చెప్పింది. “ఫార్మలిన్ ఉందా?” అని మనం అడగనే లేదు. ఆ ప్రశ్నకు వేరే పట్టీ కావాలి. కొచ్చిలోని కేంద్ర మత్స్య సాంకేతిక పరిజ్ఞాన సంస్థ శాస్త్రజ్ఞులు అందుకే రెండు వేరువేరు పరీక్షలు తయారు చేశారు. వాటిలో ఒకటి అమ్మోనియాకు, మరొకటి ఫార్మలిన్‌కు. కాగితపు పట్టీని చేప మీద రుద్ది, దాని మీద ద్రావణం చుక్క వేసి, వచ్చిన రంగును రంగుల పట్టికతో పోలుస్తారు. కొద్ది నిమిషాల్లో సంగతి తేలుతుంది. 2018 నాటి తనిఖీల్లో ఇవి బాగా ఉపయోగపడ్డాయి. అనుమానం కలిగిన సరుకును తరువాత ప్రయోగశాలకు పంపి నిర్ధారించుకోవాలి. పట్టీ కాపలాదారు లాంటిది, తీర్పు చెప్పేది ప్రయోగశాల.

మీరూ చేసి చూడండి

అనిలిన్ విషపదార్థం కనుక పాలిఅనిలిన్ తయారీ ఇంట్లో చేసే పని కాదు. కాని రంగును అంకెగా మార్చే కిటుకును మీరే పరీక్షించవచ్చు.

కావలసినవి: ఒకే రకం గాజు గ్లాసులు 6, నీలం సిరా, చుక్కలు వేసే గొట్టం, తెల్ల కాగితం, ఇంట్లో పెద్దల ఫోను, అందులో ఫోటోలోని రంగుల అంకెలు చూపే ఉచిత ఆప్ ఒకటి.

గ్లాసులన్నింటిలో ఒకే కొలత నీళ్లు పోయండి. అయిదింటిలో వరుసగా 1, 2, 3, 4, 5 చుక్కల సిరా వేసి కలపండి. ఆరో గ్లాసులో ఎన్ని చుక్కలు వేయాలో మీ స్నేహితుణ్ణి నిర్ణయించమనండి. ఆ సంఖ్య మీకు చెప్పకూడదు. గ్లాసులను తెల్ల కాగితం ముందు వరుసగా నిలబెట్టి, పగటి వెలుగులో అన్నీ ఒకే ఫోటోలో పడేట్లు తీయండి. ఒక్కొక్క గ్లాసు మధ్యభాగంలో ఎరుపు అంకె ఎంతో రాసుకోండి.

ఎరుపు అంకే ఎందుకు? నీలం సిరా మింగేది ఎరుపు వైపు కాంతిని. సిరా పెరిగినకొద్దీ తగ్గేది ఎరుపే. చుక్కల సంఖ్యకూ ఎరుపు అంకెకూ గ్రాఫు గీసి, ఆరో గ్లాసు అంకెను దాని మీద పెట్టి, ఎన్ని చుక్కలో చెప్పండి. మొదట కంటితో చూసి ఒక అంచనా, తరువాత గ్రాఫుతో ఒక జవాబు రాసుకుంటే ఏది సత్యానికి దగ్గరో తెలుస్తుంది. అదే వరుసను రాత్రి బల్బు కింద మళ్లీ ఫోటో తీయండి. అంకెలు ఎంత మారాయో చూడండి. తెల్ల కాగితం అంకెలు కూడా మారాయా? ఆ మార్పును ఉపయోగించి గ్లాసుల అంకెలను సరిచేయగలరేమో ప్రయత్నించండి.

అది చేయగలిగితే, చేపల పెట్టెలోని పట్టీ పక్కన తెల్ల గడి ఎందుకు అచ్చువేస్తారో మీకు ఇంకెవరూ చెప్పనక్కరలేదు. ఇక మీదట ఎవరైనా ఒక రంగు పట్టీ చూపి “పరీక్ష నెగ్గింది” అంటే, రెండు ప్రశ్నలు అడగండి: దీన్ని దేనితో పోల్చి చూశారు? ఇది ఏ పదార్థాన్ని పట్టగలదు, దేన్ని పట్టలేదు?